పత్తి బోరెం మీద కునుకు

కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సాయంత్రం పూట మా ఇంటికొస్తారు. నా కబుర్ల కోసం వస్తారని నేనంటాను, తన అల్లం టీ కోసం వస్తారని మా ఆవిడ అంటుంది. ఎందుకొచ్చినా అందరూ అడిగేది ఒకటే. "లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు కదా బాబాయ్, అన్నేళ్ళలో ఎప్పుడూ భయం వెయ్యలేదా?"

వెయ్యకేం నాయనా, దండిగా వేసింది. ఒక ఏడాదైతే నన్ను మంచం మీద వెన్ను వాల్చనివ్వలేదు. అది ఎట్లా పోయిందో చెప్తాను, నవ్వకుండా వినండి. నవ్వినా ఫరవాలేదులే. ఆ రోజు మూడు ఊళ్ళు నవ్వాయి, ఇంకో నలుగురు నవ్వితే నా సొమ్మేం పోదు.

ముందు మా పనిలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి. లైను మీద పని చెయ్యాలంటే సబ్‌స్టేషన్‌లో ఉండే ఆపరేటరుకు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాం. దాన్ని ఎల్‌సీ అంటాం. ఆయన ఆ లైనుకు కరెంటు ఆపేసి "ఎల్‌సీ ఇచ్చాను, ఎక్కు" అంటాడు. పని ముగిసి, మనుషులూ సామానూ కిందికి దిగాక, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే ఫోన్ చేసి తిరిగివ్వాలి. అప్పుడే ఆయన కరెంటు వదలాలి. తీసుకున్నవాడి బదులు తమ్ముడు చెప్పినా, బావమరిది చెప్పినా చెల్లదు. అంటే స్తంభం మీదున్నవాడి ప్రాణం ఎక్కడో దూరాన, కంటికి కనపడకుండా, కుర్చీలో కూర్చున్న మనిషి మాట మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

చేరిన కొత్తలో నేనిదేమీ ఆలోచించలేదు. ఎక్కమంటే ఎక్కేవాణ్ణి, దిగి టీ తాగేవాణ్ణి. నాతోపాటు ఉద్యోగంలో చేరిన స్నేహితుడొకడు వేరే చోట పనిచేసేవాడు. ఒకరోజు అతను పైనుండగానే ఎవరో "అయిపోయింది" అన్నారు, ఎవరో నమ్మారు, కరెంటు వదిలేశారు. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి దక్కలేదు. ఆసుపత్రికి వెళ్ళి చూశాను. ఏడుస్తూ కూర్చుంటే అతనే నా భుజం మీద ఎడమచెయ్యి వేసి ఓదార్చి పంపాడు.

ఆ రోజు నుంచి మొదలైంది నా తంటా. పగలు పనిలో పడి ఎట్లాగో గడిచేది. పొద్దుగూకితేనే కష్టం. ఊళ్ళో లైట్లు వెలుగుతుంటే జనానికి సంబరం, నాకు దిగులు. రేపు ఏ స్తంభం ఎక్కాలో, కింద ఎవడుంటాడో, వాడు ఎవరితో ఏం వాగుతాడో అని.

మా ఇంట్లో దీపాలవేళ కుటుంబ ప్రార్థన ఉంటుంది. మా ఆవిడ పాట ఎత్తుకుంటుంది, చివర నేను ప్రార్థన చెయ్యాలి. "తండ్రీ, ఈ రాత్రికి మమ్మల్ని నీ చేతులకు అప్పగించుకుంటున్నాం" అని రోజూ అనే మాటే అనేవాణ్ణి. ఆమెన్ అన్న నోరు మూతపడకముందే లేచి వాకిట్లోకి పోయి తీగల వంక చూసేవాణ్ణి.

"దేవుడికి ఇచ్చానంటారు, మళ్ళీ ఎనకాలే పోయి తెచ్చుకుంటారు. ఇంతకీ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అనేది మా ఆవిడ.

"నీకేం తల్లీ, కింద కూర్చుని ఎన్నయినా చెప్తావు. పైకెక్కేది నేను" అని విసుక్కునేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా వీధిలో కుక్కకి కూడా తెలుసు.

ఇక సబ్‌స్టేషన్ ఆపరేటరు గారు. నాకన్నా పెద్దాయన. నుదుటన విభూతి రేఖలు, సోమవారం వస్తే పెదకాకాని శివుణ్ణి చూడందే పచ్చి మంచినీళ్ళు ముట్టడు. మాట మహా కటువు. ఆ ఏడాది ఆయన్ని నేను పెట్టిన తిప్పలు ఆయన కాబట్టి భరించాడు. ఎల్‌సీ ఇచ్చిన తర్వాత కూడా స్తంభం మొదట్లో ఒకసారి, నడుముకు బెల్టు కట్టుకున్నాక ఒకసారి, పైకెక్కాక ఒకసారి ఫోన్ చేసేవాణ్ణి. "ఎల్‌సీ ఉంది కదండీ?" అని. ఒకరోజు ఆయనకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా నీ గోల! స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని కూర్చున్నా ఇక్కడ. నా మీద నమ్మకం లేదా, నీ యేసుప్రభువు మీద లేదా? ఎవరి మీద లేదో చెప్పు. ఆయనా నేనూ మాట్లాడుకుంటాం."

సిగ్గేసింది. అయినా భయం పోలేదు. సిగ్గుతో పోయేదైతే ఎప్పుడో పోయేది.

చివరికి మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారి దగ్గరకెళ్ళి, నన్ను స్తంభాల మీంచి తీసేసి బిల్లుల కౌంటర్లో వెయ్యండి సార్ అని అడిగాను. "మిరప కోతలు అయ్యేదాకా ఆగవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడాయన. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ అన్నం పెట్టింది. నిజానికి నాకూ ఇష్టం లేదు. కోతల కాలంలో స్తంభం ఎక్కి చూస్తే ప్రత్తిపాడు వైపు కల్లాల నిండా ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఇటు పక్క చివరి విడత తీతకు మిగిలిన పత్తి చేలు కనపడతాయి. ఆ పనంటే నాకు ప్రాణం. ఆ పని చేసే ధైర్యమే నాలో చచ్చిపోయింది. కౌంటర్లో కూర్చుని ముసలివాణ్ణయిపోతానని ఏడుపొచ్చేది.

ఆ కోతల కాలంలోనే మా చర్చిలో ప్రథమ ఫలాల పండుగ వచ్చింది. పంటలో మొదటిది దేవుడికి తెచ్చే పండుగ అది. గోనెల్లో కుట్టిన మిరపకాయల టిక్కీలు, పత్తి కూరిన పెద్ద గోనెసంచులు, వాటినే బోరేలంటాం, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరికి ఏది పండితే అది తెచ్చి చర్చిలో పెడతారు. సాయంత్రం ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం పాడతారు. మిరపకాయల ఘాటుకు పాట పాడేవాళ్ళు సగం, తుమ్మేవాళ్ళు సగం. ఆ ఏడు మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అని పిలుస్తాం ఆయన్ని, పండక్కి తన ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించాడు. ఫొటో కొంచెం పెద్దదయిందని వాళ్ళావిడే అన్నదట.

ఆ సాయంత్రం ఎండ దిగుతుండగా ఉన్నట్టుండి గాలి లేచింది. కల్లాల దగ్గర జనం పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. ఇక్కడ ఫ్లెక్సీ తాళ్ళు తెంపుకుని ఎగిరి, చర్చి పక్కనే ఉన్న పెద్ద లైను మీద పడింది. ఢాం మని శబ్దం. చర్చికే కాదు, ఆ లైను మీదున్న మూడు ఊళ్ళకీ కరెంటు పోయింది. గాలి అణిగాక చూస్తే పైన తీగల మధ్య అయ్యగారు చిరునవ్వుతో ఊగుతున్నాడు.

"అయ్యగారు మనకన్నా ముందే ఎత్తబడ్డాడర్రా!" అని ఎవరో అరిచారు. ప్రభువు రాకడలో విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడతారని మా నమ్మకం లెండి. గుమ్మంలో నిలబడ్డ అసలు అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

నేనూ, నా జోడీ లైన్‌మనూ సామాను తీసుకుని వచ్చాం. అతను పనిలో మంచి చెయ్యి, నోరు పెద్దది, ఓపిక సున్నా. కానుకల్లో వచ్చిన నాటు కోడిపుంజు మీద పొద్దుటి నుంచీ కన్నేసి ఉన్నాడు.

"ఒరేయ్ బావా, తొరగా కానీ. మైకు లేకపోతే వేలం లేదు, వేలం లేకపోతే పుంజు లేదు" అన్నాడు.

నేను ఆపరేటరు గారికి ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాను. "ఇచ్చాను, ఎక్కు. మళ్ళీ మళ్ళీ చెయ్యబాక" అన్నాడు. తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించాం. పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి లాగేసే కాపలా అది. బెల్టు కట్టుకున్నాను. దాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నాను. ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఎక్కాను. అంతకన్నా పెద్ద ప్రార్థన నోటికి రాలేదు.

ఫ్లెక్సీని ముక్కలుగా కోసి కిందికి వదిలాను. తెగిన జంపరు, అంటే రెండు తీగల్ని కలిపే ముక్క, తిరిగి బిగించాను. "అయిపోయిందిరా, రాడ్లు తీసెయ్" అని కేకేశాను. అతను తీశాడు. దిగబోతూ చూస్తే పక్క జంపరు కూడా వదులుగా ఊగుతోంది. ఎంతసేపు, ఒక్క తిప్పు తిప్పితే సరిపోతుంది కదా అని తీగ మీద చెయ్యి వేసి బిగించాను. రాడ్లు తీశాక తీగ ముట్టుకోకూడదు, మీకు నేర్పే మొదటి పాఠమే అది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. బిగించి, నింపాదిగా దిగాను.

కింద నా జోడీ మూతి ముడుచుకుని ఉన్నాడు.

"ఆ ముసలాయనకి ఎంత పొగరురా! ఇందాక రాడ్లు తియ్యగానే ఫోన్ చేసి, అయిపోయింది, కరెంటు వదలండి అన్నా. నీకు ఎల్‌సీ ఇవ్వలేదు, తీసుకున్నోణ్ణి మాట్లాడమను అని టక్కున పెట్టేశాడు."

"ఎప్పుడు చేశావ్?"

"చెప్తన్నా గదా, రాడ్లు తియ్యగానే."

"నేనప్పుడు పైనే ఉన్నా. రెండో జంపరు బిగిస్తన్నా. తీగ మీద చెయ్యుంది."

అతను పైకి చూశాడు, నా చెయ్యి చూశాడు. అంత నోరున్న మనిషికి మాట పడిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని "బావా, నేను చూసుకోలేదురా" అని గొణిగి, చంటిపిల్లాడిలా కళ్ళు తుడుచుకుంటూ, నిచ్చెనా రాడ్లూ బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఎల్‌సీ నేనే తిరిగిస్తానని అనుకున్నాడు. ఇవ్వాల్సింది నేనే మరి.

ఒక్క నిమిషం కూర్చుని ఫోన్ చేద్దామని చర్చిలోకి నడిచాను. కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుతున్నారు. చర్చిలోకి అడుగుపెట్టేముందు ఫోన్ మూగబోయేట్టు చెయ్యడం మాకు అలవాటు, నా వేలు దానంతటదే ఆ పని చేసింది. వెనక మూల కానుకల దగ్గర పత్తి బోరేలు పడేసి ఉన్నాయి. ఒకదానికి ఆనుకుని కూలబడ్డాను. మెత్తగా దిగింది.

అక్కడ కూర్చుని ఒకటే తలచుకున్నాను. నేను ప్రమాదంలో ఉన్నానని నాకే తెలియని ఆ క్షణంలో నన్ను ఒకాయన గుర్తుపెట్టుకున్నాడు. నేను ఆ వేళ మూడుసార్లు ఫోన్ చేసి అడగలేదు. ఆ నిమిషాన కాపాడమని బతిమాలలేదు. కాపలా ఉందని నాకు తెలియనప్పుడు కూడా కాపలా ఉంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి. "తండ్రీ, నేనే..." అని ప్రార్థన మొదలుపెట్టాను. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తికాలేదు. నిద్రపోయాను.

తర్వాత జరిగిందంతా వాళ్ళూ వీళ్ళూ చెబితే తెలిసింది. మూడు ఊళ్ళ జనం చీకట్లో ఉన్నారు. సర్పంచి గారు ఆపరేటరుకు ఫోన్ చేశాడు. ఒక ఊళ్ళో నిశ్చితార్థం వాళ్ళు చేశారు. ఆఖరికి ఏఈ గారే చేసి, పని ఎప్పుడో అయిపోయిందటగా, వదిలెయ్యవయ్యా అన్నాడు.

"ఎల్‌సీ తీసుకున్న మనిషి గొంతు వినాలి సార్. వినందే కలెక్టరు గారు చెప్పినా ఇయ్యను. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి, పెదకాకానిలో కొబ్బరికాయలు అమ్ముకుంటా" అన్నాడట ఆపరేటరు గారు.

అందరితో అట్లా మాట్లాడాడు గానీ లోపల ఆయనకు భయం పట్టుకుంది. నాకు చేస్తే ఆయన చెవిలో రింగు వినపడుతుంది, ఎత్తేవాడు లేడు. నా జోడీకి చేసి, "వాడు దిగాడా లేదా, నీ కళ్ళతో చూశావా?" అని కేకలేశాడు. అతను సగం దారి నుంచి బండి తిప్పుకుని వచ్చి, దిగిన మనిషి మళ్ళీ ఎక్కాడేమోనని టార్చి వేసి స్తంభం మీదంతా వెతికాడు. మా ఇంటికి పరిగెత్తాడు. వంట ముగించుకుని వేలానికి బయల్దేరబోతున్న మా ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. చర్చి బయట గగ్గోలు, లోపల పాట.

నేను ఆనుకున్న బోరెం తెచ్చింది ఒక ముసలమ్మ. కౌలు చేలో తనే ఏరిన పత్తి. బయట గోల విని, తన కానుక ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కొవ్వొత్తి పట్టుకుని మూలకొచ్చింది. వచ్చి, చర్చి అదిరేట్టు ఒక్క అరుపు అరిచింది.

"ఓరి దేవుడో! నా పత్తి బోరెం గురక పెడతంది, రండర్రా!"

పాట ఆగిపోయింది. కొవ్వొత్తులన్నీ నా చుట్టూ చేరాయి. కళ్ళు తెరిచేసరికి నెత్తి నిండా పత్తి, ఎదురుగా మా ఆవిడ మొహం. కొడుతుందనుకున్నాను. నా మొహం రెండు చేతులతో పట్టుకుని, "నిద్రపోయారా? నిజంగా నిద్రేనా?" అని ఏడుస్తూ నవ్వింది. ఏడాదిగా నేను పక్కమీద దొర్లడం చూసిన మనిషి ఆమె ఒక్కతే కదా. మిగతావాళ్ళకు అందులో అంత సంతోషం ఏముందో అర్థం కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఎల్‌సీ. ఫోన్ చేశాను.

"ఎల్‌సీ రిటర్న్ ఇస్తన్నానండీ. మనుషులు, సామాను అన్నీ దిగినయ్. కరెంటు వదలొచ్చండి."

తిట్లకు చెవి ఒగ్గి నిలబడ్డాను.

"బతికే ఉన్నావా?" అన్నాడు. "ఎక్కడ చచ్చావయ్యా ఇంతసేపు?"

"చర్చిలో నిద్రపోయానండీ."

"నిద్రపోయావా! మూడు ఊళ్ళు నన్ను అమ్మనా బూతులు తిడతంటే నువ్వు నిద్రపోయావా!" అన్నాడు. తర్వాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వు నేను వినడం అదే మొదటిసారి. "పోనీలేవయ్యా. నువ్వు నిద్రపోతే ఏమైంది, నేను మేలుకునే ఉన్నాగా."

మా అయ్యగారు అన్ని ఆదివారాలు చెప్పినా నా బుర్రకెక్కనిది, విభూతి పెట్టుకున్న మనిషి ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పాడు.

లైట్లన్నీ భగ్గున వెలిగాయి. మైకు కూత పెట్టింది. ఫ్యాన్లు తిరిగేసరికి మిరప ఘాటు లేచి, జనమంతా హల్లెలూయా అనబోయి తుమ్మారు. నా జోడీకి పోయిన నోరు తిరిగొచ్చింది. నన్ను చూపించి, "అయ్యగారండీ, ఇది కూడా కానుకల్లో వచ్చిందేనా? పాట మొదలెట్టండి, నేను కొనుక్కుంటా" అన్నాడు.

అయ్యగారు నా నెత్తి మీద పత్తి దులిపి, "కుదరదు నాయనా. ఇతన్ని ప్రభువు ఎప్పుడో తన రక్తం వెల పెట్టి కొనేశాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఎందుకో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఘాటుకే అయి ఉంటుంది.

కోడిపుంజు నా జోడీకే దక్కింది. పత్తి బోరెం వేలంలో నేను పాడాను. ఎంతకు పాడానో అడగకండి, మా ఆవిడ ఇంకా దెప్పుతుంది. ఆ పత్తిని గింజ తీయించి పరుపు కుట్టించాం. మర్నాడే ఏఈ గారి దగ్గరకెళ్ళి, కౌంటరు వద్దు సార్, స్తంభాలే ఉండనీండి అన్నాను. ఎర్త్ రాడ్లు, బెల్టు, చేతొడుగులు ఏదీ మానలేదు. దేవుణ్ణి నమ్మినవాడికి బెల్టు అక్కర్లేదనుకునేవాడు మీలో ఉంటే వాణ్ణి ముందు నా దగ్గరకు పంపండి. మూడుసార్లు ఫోన్ చెయ్యడం మాత్రం మానేశాను. కొన్నాళ్ళు ఆపరేటరు గారే వెలితిగా ఉందయ్యా అనేవాడు. మరుసటేడు పండక్కి తన పెరట్లో కాసిన సొరకాయ పట్టుకుని వచ్చి, మిరప టిక్కీల మధ్య కూర్చుని తుమ్మి వెళ్ళాడు.

దీపాలవేళ ప్రార్థన ఇప్పటికీ ఉంది. అప్పగించే మాట నా బదులు మా ఆవిడ చెబితే చెల్లదు, నా గొంతుతోనే చెప్పాలి. చెప్తాను. చెప్పాక వాకిట్లోకి వెళ్ళను.

మొన్న సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. అప్పుడే ఆ పరుపు మీద నడుం వాల్చాను.

"ఏవండీ, కరెంటు పోయింది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చెయ్యరా?" అంది మా ఆవిడ.

"ఎవడో పిల్లాడు స్తంభం మీదుంటాడే. వాణ్ణి క్షేమంగా దిగనీ" అన్నాను.

ఇద్దరం ఆ ముఖం తెలియని పిల్లాడి కోసం చీకట్లోనే ఒక మాట ప్రార్థన చేసుకున్నాం. కరెంటు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. నేను నిద్రపోయాను.